రెండు వేళ్ల లోతు

పోయిన ఏడాది మే ఇరవై నాలుగున మా ఇంట్లో మధ్యాహ్న భోజనం గొర్రెపిల్ల మాంసం వేసి వండిన అన్నం, ఉల్లికాడలూ ఉడికించిన గుడ్లూ కలిపిన పచ్చి ఆకుల సలాడ్. ఇంత బాగా గుర్తుండటానికి కారణం ఉంది. ఆ రోజు ఎవరమూ తినలేదు.

చెంచా చేతిలోకి తీసుకుంటూనే మా అమ్మాయి రలిత్సా అంది: "నాన్నా, ఆ మడి తీసేస్తున్నాను."

ఏ మడి అని అడగనక్కర్లేదు. గేటు పక్క మడి. నా భార్య నెవెనా తన చేత్తో నాటిన ముదురెరుపు పియోనీల మడి.

"తీసేసి?"

"ఐరిస్‌లు వేస్తా. గేటు తియ్యగానే జనానికి మొదట కనపడేది అదే. టికెట్టు కొని లోపలికొచ్చినవాళ్లు 'పియోనీలు ఎక్కడమ్మా' అని ఆ ఆకుల పక్కనే నిలబడి నన్ను అడుగుతున్నారు. నేనేం చెప్పాలి? పొద్దున బడి తోరణం చూశావుగా."

చూశాను. మే ఇరవై నాలుగు మా అక్షరాల పండుగ. ఆ రోజు బడి గుమ్మానికి పూల తోరణం కడతారు. ఏటా అందులో ఎరుపంతా మా మడిదే. రలిత్సా తెచ్చి వేసిన కొత్త పియోనీలు జూన్‌లో గానీ విచ్చుకోవు. ఆ పండుగకి అందేవి నెవెనా పెట్టిన పాత రకం ఒక్కటే. ఆమె పోయాక మొదటి వసంతంలో నాలుగైదు పూలు పూశాయి. మరుసటేడు ఒకటి. మూడో ఏడు, మొగ్గ కూడా లేదు. ఆకులు మాత్రం మోకాలెత్తు పెరిగి నిగనిగలాడుతూ నిలబడ్డాయి. బడివాళ్లు ఊదా ఐరిస్‌లతో సరిపెట్టుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్ బిల్యానా మేడం "ఊదా కూడా బాగుంది ల్యుబెన్ గారూ" అని నాతో రెండుసార్లు అంది. రెండోసారి అనవలసిన అవసరం లేదు. మంచి మనిషి కాబట్టి అంది.

పొయ్యి దగ్గర నిలబడ్డ గెనా వదిన గరిటె కింద పెట్టింది.

గెనా వదిన నెవెనాకి అక్క. చెల్లెలి నలభయ్యో రోజు ప్రార్థనకి వచ్చి, మమ్మల్ని వదిలి వెళ్లలేక ఉండిపోయింది. ఫిబ్రవరిలో మాత్రం డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న తన ఊరికి వెళ్లి ద్రాక్షతీగల పని చూసుకుని ఏప్రిల్ చివరికి తిరిగొచ్చేది.

"ఏందే, మడి పీకుతావా?"

"పూయని మడిని ఏం చేసుకోను పెద్దమ్మా?"

"మనిషి నవ్వటం మానేస్తే ఇంట్లోంచి గెంటేస్తామా?"

"అది మనిషి కాదు, మొక్క."

"మా చెల్లి పెట్టిన మొక్క. ఆ మడి పీకిన రోజు నా సంచీ కూడా సర్దుకుంటా."

"బెదిరిస్తున్నావా?"

"బెదిరింపేముందే ఇందులో? బస్సు టైము చెప్తన్నా."

రలిత్సా నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు నాన్నా. ఎప్పుడూ మాట్లాడవు."

నేను ఈ ఊళ్లో మందుల దుకాణం నడిపినవాణ్ణి. ఎవరికైనా ఏదైనా చెప్పేముందు ఒకసారి తూచి చూసుకోవటం చేతికి అలవాటు. ప్లావ్‌దివ్ నగరంలో ఉద్యోగం మానేసి వచ్చి ఈ తోట నడుపుతున్నది రలిత్సా. ఆమె మాటలో న్యాయం ఉంది. వదిన కళ్లలో నీళ్లున్నాయి.

"సెప్టెంబరు దాకా ఆగమ్మా," అన్నాను. "పియోనీని కదిలించాలంటే సెప్టెంబరే. అప్పుడు తవ్వి చూద్దాం. దుంపలు కుళ్లి ఉంటే నీ ఇష్టం."

"బాగుంటే?"

"బాగుంటే అప్పుడు మాట్లాడుకుందాం."

"వాయిదా వెయ్యటం నీకు బాగా వచ్చు నాన్నా."

ఇంతలో పక్కింటి నైడెన్ గుడ్ల బుట్టతో లోపలికొచ్చాడు. ముగ్గురి మొహాలూ చూసి, చల్లారిన అన్నం చూసి, సంగతి గ్రహించాడు.

"పూల గొడవేనా? ఎందుకయ్యా గొడవ! అవి అలిగాయి. యజమానురాలు లేదని అలిగాయి. నేను ఊళ్లో అందరికీ అదే చెప్తున్నా."

వదిన కళ్లు తుడుచుకుని తలూపింది. రలిత్సా కుర్చీ వెనక్కి నెట్టి తోటలోకి వెళ్లిపోయింది. నైడెన్ మాట తప్పని చదువుకున్నవాణ్ణి నేను చెప్పాలి. చెప్పలేదు. ఆ పెరట్లో నాతోపాటు దిగులు పడేవాళ్లు ఇంకెవరో ఉన్నారనుకోవటం నాకు బాగానే ఉండేది.

*

జూలైలో ఐరిస్‌ల పని. పూలు అయిపోయాక దుంపలు తీసి, విడదీసి, మళ్లీ నాటాలి. ఐరిస్ దుంపని పూర్తిగా పూడ్చకూడదు. వేళ్లు మట్టిలో, వీపు ఎండలో.

ఈ వీపు దగ్గరే పెద్దమ్మకీ కూతురికీ రోజూ పేచీ.

రలిత్సా ఒక వరస నాటుకుంటూ ఆ కొసకి వెళ్లేది. వెనకాలే వదిన వచ్చి, ఒక్కో దుంప మీద గుప్పెడు మట్టి చల్లుకుంటూ పోయేది. రలిత్సా వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ఈ కొసకి వచ్చి, ఆ మట్టంతా వేళ్లతో ఊడ్చేది.

"పెద్దమ్మా! నీకు దణ్ణం పెడతా, కప్పకు."

"మాడిపోతన్నాయే. పసిబిడ్డల వీపులు ఎండలో పెట్టినట్టు ఉంది నాకు చూస్తంటే."

"వాటికి అదే కావాలి. ఎండ తగలకపోతే పూయవు."

"నువ్వేమన్నా అడిగావా వాటిని?"

"నువ్వు అడిగావా?"

"అడక్కపోయినా తెలిసిద్ది. కప్పితే ఏ ప్రాణానికైనా హాయే."

నేను నీడలో కూర్చుని రకాల పేర్లు చెక్క ముక్కల మీద రాస్తూ నవ్వుకున్నాను. వదిన పెరుగులో కీరదోస తురిమి, వెల్లుల్లి దంచి వేసి, చల్లటి గిన్నె ముందు రలిత్సాకే ఇచ్చింది. పొద్దుటి నుంచి తిట్టుకున్న ఇద్దరూ ఒకే రొట్టె విరుచుకు తిన్నారు. ఆ వేసవిలో నాకు బాగా గుర్తున్న పూట అది.

నవ్వుకున్నాను గానీ, అక్కడ నేను చూడవలసింది ఒకటుంది. అది చూడలేదు.

*

సెప్టెంబరు రెండో వారంలో ఒక ఉదయం మడి తవ్వాం. పెరట్లో వదిన కారం లేని పెద్ద ఎర్ర మిరపకాయలు కాలుస్తోంది, చలికాలానికి పచ్చడి పెట్టటానికి. తోలు కాలిన తియ్యటి వాసన తోటంతా కమ్ముకుంది. ఆమె మా వైపు వీపు పెట్టి కూర్చుంది. మడి తవ్వటం చూడనని ముందే చెప్పింది.

రలిత్సా పలుగు దూరంగా గుచ్చి, చుట్టూ వదులు చేసి, మొదటి దుబ్బుని పైకి లేపింది. నేను గొట్టంతో నీళ్లు పోసి మట్టి కడిగాను.

"నాన్నా! కుళ్లలేదు."

కుళ్లలేదు. దుంపలు గట్టిగా, బలంగా ఉన్నాయి. వాటి నెత్తిన వచ్చే ఏటి మొలకల కళ్లు, లేత ఎరుపులో, చిటికెన వేలంత. రలిత్సా రెండోది తీసింది. మూడోది. అన్నీ అంతే. ఆమె మొహం చిన్నప్పటిలా వెలిగింది.

తర్వాత ఆ వెలుగు ఆగిపోయింది. ఆమె గోతిలో చెయ్యి పెట్టి కొలిచింది. బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా, జానెడు.

"అమ్మ ఎంత లోతు పెట్టేది?"

"రెండు వేళ్లు. అంతకంటే లోతైతే పూయదు అనేది."

"ఇది చూడు." కాడలు కింద జానెడు మేర తెల్లగా పాలిపోయి ఉన్నాయి, వెలుగు కోసం పైకి పాకినట్టు. "బలమంతా పైకి రావటానికే సరిపోయింది పాపం. ఇంత మట్టి ఎక్కడిది నాన్నా? చదునైన నేల. పైనుంచి జారి రాదు. నేను వెయ్యలేదు. నువ్వు వేశావా?"

నవంబరు నెల గుర్తొచ్చింది నాకు. ఆకులు కోసేశాక, మొదటి మంచుకి ముందు, వదిన నల్ల శాలువా బిగించుకుని చేతిపారతో ఆ మడి దగ్గర వంగి ఉండేది. డాన్యూబ్ ఒడ్డున చలికాలం ద్రాక్షతీగల మీద మట్టి ఎగదోసి కప్పుతారు. కప్పకపోతే మంచుకి మోడు చచ్చిపోతుంది. ఆ పని ఆవిడ పెళ్లైన ఏటి నుంచీ చేస్తోంది. ఇక్కడా అదే చేసింది. తోటలో అన్ని మడులకీ కాదు, చెల్లెలి మడి ఒక్కదానికే. పారతో మట్టిని మెల్లగా తట్టి, దుప్పటి కప్పినట్టు అంచులు సర్దేది. "పడుకోండమ్మా" అనటం కిటికీలోంచి నేను ఒకసారి విన్నాను కూడా.

ఫిబ్రవరి రాగానే తన ద్రాక్ష కోసం వెళ్లిపోయేది. ఇక్కడి మట్టి ఇక్కడే ఉండిపోయేది. మరుసటి నవంబరులో దాని మీద ఇంకొంత.

రలిత్సా నా మొహంలోంచే అది చదువుకుంది. ఇద్దరం ఒకేసారి పొగ వైపు తిరిగాం.

"చెప్పకు," అన్నాను మెల్లగా.

"చెప్పకపోతే వచ్చే నవంబరులో మళ్లీ కప్పుతుంది."

"అప్పుడు చూద్దాం."

"మళ్లీ వాయిదా! నాన్నా, ఊరంతా ఈ మడి అమ్మ కోసం ఏడుస్తోందనుకుంటోంది. నువ్వూ అదే అనుకున్నావు. కాదని చెప్పవా?"

"ఆవిడకి ఎలా చెప్పనమ్మా? నీ చేత్తోనే పూడ్చావని చెప్పనా?"

గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నాం. అందుకే అడుగుల చప్పుడు వినలేదు. వదిన కాఫీ కప్పులతో మా వెనకే నిలబడి ఉంది. గోతిలోకి చూసింది. గట్టు మీద ఆరబెట్టిన దుబ్బుల్ని చూసింది. తెల్లటి కాడల్ని చూసింది.

"ఇంత లోతున్నాయేందే?"

రలిత్సా తడబడింది. "వానకి... మట్టి జారి ఉంటుంది పెద్దమ్మా."

"ఆహా," అంది వదిన. కాఫీ గట్టు మీద పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

*

సాయంత్రానికి పచ్చడి సీసాలన్నీ నిండాయి. వదిన వాటికి మూతలు బిగించి, వరసగా బల్ల మీద పెట్టి, ఒక్కోదాన్నీ గుడ్డతో తుడిచింది. మాకు ఎర్రటి పచ్చడీ తెల్ల జున్నూ వేడి రొట్టే పెట్టింది. తను కూర్చోలేదు.

"చదునైన నేల మీద మట్టి జారుద్దా పిల్లా?" అంది ఉన్నట్టుండి.

రలిత్సా రొట్టె ముక్క కింద పెట్టింది.

"ఏమయ్యా ల్యుబెన్, నువ్వన్నా చెప్పు. జారుద్దా?"

"వదినా, మీరు మంచి మనసుతోనే..."

"మనసు సంగతి నేను అడగలేదు."

రలిత్సా లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, అవన్నీ బతికే ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు. మడి పీకటం లేదు. రేపు అక్కడే మళ్లీ నాటుతున్నాను, పైపైన. నువ్వు సంచీ సర్దుకోవాల్సిన పని లేదు."

"మడి కోసం సర్దుకోవటం లేదే," అంది వదిన, చెయ్యి విడిపించుకుంటూ.

మర్నాడు పొద్దున్నే బస్సుకి వెళ్లిపోయింది. నేను సంచీ మోస్తానంటే ఇవ్వలేదు. బస్సు తలుపు మూసుకునేముందు ఒకే మాట అంది: "చివరి సీసాలో ఉప్పు తక్కువైంది. అది ముందు వాడండి."

*

మడి నాటాం. రెండు వేళ్ల లోతు, కొలిచి మరీ. అక్టోబరులో ఆకులు రాలాయి, నవంబరులో పొగమంచు దిగింది. వారానికోసారి నేను వదినకి ఫోన్ చేసేవాణ్ణి. వాతావరణం చెప్పేది. మోకాళ్ల నొప్పి చెప్పేది. తోట గురించి అడిగేది కాదు. నేను ఆ వైపు తిప్పితే "పొయ్యి మీద పాలున్నాయి" అని ఫోన్ పెట్టేసేది.

నైడెన్ మాత్రం గోడ మీంచి, "ఇప్పుడు అలిగింది పూలు కాదన్నమాట" అన్నాడు. కానీ ఆ చలికాలమంతా మా వాకిట్లో మంచు మాకంటే ముందే లేచి తనే ఎత్తిపోశాడు.

ఫిబ్రవరి పద్నాలుగు ద్రాక్షతోటల పండుగ. ఆ రోజు తీగకి తొలి కత్తెర వేసి, కోసిన చోట వైన్ పోస్తారు. రలిత్సా తెల్లారేసరికి కారు బయటికి తీసింది.

"ఎక్కడికి?"

"పెద్దమ్మ తీగలకి వైన్ పోసి రావద్దూ?"

మేం వెళ్లేసరికి వదిన తన మూడు వరసల తోటలో ఒక్కతే ఉంది. చలిగాలికి ముక్కు ఎర్రబడింది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. "చెప్పులు బురదవుతాయి, గట్టు మీదుగా రండి" అంది. వరస కొసన పందిరికి పాకించిన పాత తీగ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, కత్తెర వేసి, సీసా వంచింది. మిగతా తీగలన్నీ మట్టి కుప్పల కింద నిద్రపోతున్నాయి.

రలిత్సా ఆమె పక్కనే బురదలో కూలబడింది.

"ఇంటికి రా పెద్దమ్మా."

"ఇదేందే మరి? ఇల్లు కాదా?"

"నీకు తెలుసు నేనేం అంటున్నానో."

వదిన సీసాకి బిరడా పెట్టింది. చేతికి అంటిన వైన్ గడ్డికి తుడుచుకుంది.

"నాది పూడ్చే చెయ్యే పిల్లా. మొగుణ్ణి పూడ్చా. చెల్లిని పూడ్చా. అది చాలనట్టు దాని పూలని కూడా పూడ్చి, మూడేళ్లు వాటి పక్కనే కూర్చుని, ఎందుకు పూయవే అని ఏడ్చా. నాకు నవ్వొస్తంది తల్చుకుంటే."

ఆమె నవ్వలేదు. నేను ఏదో అనబోయాను. రలిత్సా కళ్లతోనే నన్ను ఆపింది.

"ఈ మట్టి ఎప్పుడు తీస్తావు?" అని అడిగింది, కుప్పల్ని చూపిస్తూ.

"మార్చిలో."

"దేంతో? పారతోనా?"

"పారతోనా! మొలక కన్ను విరిగిపోద్ది. పైపైది పారతో లాగి, దగ్గరికొచ్చాక వేళ్లతో తియ్యాలి."

"మన ఇంట్లో కప్పింది ఎవరు?"

"నేనేగా."

"మరి తియ్యాల్సింది ఎవరు? నువ్వు ఇక్కడ తీగల దగ్గర ఉంటావు. అక్కడ ఉన్నది నేనూ నాన్నా. ఒక్కసారైనా వంగి చూశామా? నువ్వు కప్పావని నాకు తెలీదు, చూసిన నాన్నకి తియ్యాలని తెలీదు. మేం తియ్యలేదని నీకు తెలీదు."

"ఏప్రిల్లో వచ్చేసరికి ఆకులు మోకాలెత్తు ఉండేయి," అంది వదిన మెల్లగా. "తీసే ఉంటారనుకున్నా."

"ఈసారి నేను కూడా కప్పాను పెద్దమ్మా. కొత్తగా నాటినవాటికి మొదటి చలికాలం కప్పాలి. మట్టీ గడ్డీ వేశాను. మార్చిలో తియ్యాలి. నాకు భయంగా ఉంది. పోయినేడు వేరే మడిలో తీస్తూ రెండు మొలకలు విరిచాను. వేళ్లతో తియ్యటం నాకు రాదు."

"నేర్చుకో."

"నేర్పు."

వదిన లేచి మోకాళ్లు దులుపుకుంది. "లోపలికి రండి, చారు చల్లారిపోద్ది" అంది. వస్తాననలేదు, రాననలేదు. తిరుగు ప్రయాణంలో రలిత్సా నాతో మాట్లాడలేదు. మా వెనక సీటులో వదిన పెట్టిన ద్రాక్ష పచ్చడి సీసా మాత్రం దారంతా గలగలమంటూనే వచ్చింది.

*

మార్చి మొదటి వారంలో ఒకరోజు నేను రొట్టె కొనుక్కుని వస్తుంటే, గేటు పక్క మడి దగ్గర నల్ల శాలువా కనపడింది. వదిన గొంతుక్కూర్చుని ఉంది. సంచీ ఇంకా భుజాన్నే ఉంది. గడ్డి తీసి పక్కన పెట్టి, చూపుడువేలితో మట్టి గీరుతోంది, కంట్లో నలుసు తీసినట్టు.

"ఇది తీసి వెళ్లిపోతా," అంది నన్ను చూడకుండానే.

"అలాగే వదినా."

"ఇదుగో, చూడు."

ఆమె వేలి పక్కన ఎర్రటి ముక్కు ఒకటి బయటికొచ్చింది. దాని పక్కన ఇంకొకటి. నేను రొట్టె చంకలో పెట్టుకుని పక్కనే కూర్చున్నాను. లోపల్నుంచి రలిత్సా పరిగెత్తుకుంటూ వచ్చి, మాట్లాడితే ఏమవుతుందోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వదిన తన మణికట్టుకి ఉన్న ఎర్ర తెల్ల దారం, మార్చిలో మేమంతా కట్టుకుని, మొదటి పూత చూశాక చెట్టుకి కట్టేసేది, విప్పి మడి మూల పుల్లకి చుట్టింది.

"ఇంకా చెట్లు పూయలేదు కదా పెద్దమ్మా. అప్పుడే కట్టేశావేం?"

"నా దారం, నా ఇష్టం."

వెళ్లిపోతానన్న మనిషి ఆ రోజు వెళ్లలేదు. మిగిలిన దుబ్బులు మర్నాడు తీస్తానంది. ఆ తర్వాత ఐరిస్‌లలో కలుపు చూసి నోరు మూసుకోలేకపోయింది. మధ్యలో రెండు వారాలు తన తీగల కోసం ఊరెళ్లి, మళ్లీ వచ్చింది. కానీ సంచీ మాత్రం విప్పలేదు. ఆమె గది తలుపు దగ్గర, లోపలి వైపు, సర్దినది సర్దినట్టే ఉండేది. అది అడ్డం ఉన్నందువల్ల ఆ తలుపు మూసుకునేది కాదు. జానెడు తెరిచే ఉండేది, రాత్రీ పగలూ. బట్టలు కూడా అందులోంచే తీసి, ఉతికి, మళ్లీ అందులోనే పెట్టుకునేది.

రలిత్సా ఒకసారి అల్మారా ఖాళీ చేసి, హ్యాంగర్లు తగిలించి వచ్చింది. వదిన చూసి "ఎందుకే, నాలుగు రోజుల మనిషికి" అంది.

నాలుగు రోజులు ఏప్రిల్ దాటాయి. మే వచ్చింది. ఐరిస్‌లు విచ్చుకున్నాయి. శనివారాలు జనం వచ్చి నిలబడి ఫొటోలు తీసుకున్నారు. గేటు పక్క మడిలో ఆకులు పొట్టిగా, బిగువుగా వచ్చాయి. ఈ ఏడు పూలు రావని నాకూ రలిత్సాకీ తెలుసు. కదిపిన పియోనీ కుదురుకోవటానికి ఒక ఏడో రెండేళ్లో పడుతుంది. టికెట్టు కొన్నవాళ్లు అడిగితే రలిత్సా ఈసారి మొహం చిట్లించకుండా చెప్పేది: "కొత్తగా నాటామండీ. ఓపిక పట్టండి."

మొగ్గని మొదట చూసింది వదినే.

"పిల్లా!" అని కేకేసింది. ఆ కేకకి నేను మాత్ర మింగటానికి పట్టుకున్న నీళ్లు మీద పోసుకున్నాను.

మూల దుబ్బుకి, ఎర్ర తెల్ల దారం కట్టిన పుల్ల పక్కన, ఒకే ఒక్క మొగ్గ. గోలీకాయంత. కొసన సన్నటి ముదురెరుపు గీత. దాని మీద రెండు చీమలు తిరుగుతున్నాయి. నెవెనా ఉన్నప్పుడు మొగ్గ మీద చీమ కనపడితే, ఇక పండుగకి పూస్తుందని, "బడికి దారి తెలిసింది" అనేది. నేనది బయటికి అన్నానో లేదో గుర్తులేదు.

ఆ సాయంత్రమే బిల్యానా మేడం వచ్చింది. మొగ్గ చూసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుంది. "ఒక్కటి చాలు ల్యుబెన్ గారూ. తోరణం మధ్యలో ఒక్కటి పెడతాం. నెవెనా గారి ఎరుపు మళ్లీ వచ్చిందని పిల్లలకి చెప్తాను."

ఆమె వెళ్లాక రలిత్సా మెట్ల మీద కూర్చుంది. చేతిలో కత్తెర ఉంది.

"ఉంచకూడదు," అంది.

"ఏంది?" అంది వదిన.

"మొగ్గ. కదిపిన మొదటి ఏడు పూయనివ్వకూడదు పెద్దమ్మా. తుంచేస్తే ఆ బలం వేరుకి పోతుంది. పూయనిస్తే దుబ్బు నీరసపడుతుంది. వచ్చే ఏడు మళ్లీ ఆకులే."

"ఒక్క పూవుకే?"

"ఒక్క పూవుకే నీరసపడుతుందో లేదో నాకు తెలీదు. పుస్తకాలన్నీ తుంచమంటాయి. అమ్మా తుంచేసేది. నాకు చెయ్యి రావట్లేదు."

నా వైపు చూడకపోవటం నాకు మేలైంది. తూచటానికి నా దగ్గర ఏ తక్కెడా లేదు.

వదిన చాలాసేపు గేటు వైపు చూసింది. "పసి తీగకి తొలి ఏడు గుత్తి ఉంచం మేము కూడా," అంది చివరికి. "కోసేస్తాం. మా ఆయన కోసేటప్పుడు నేను పెడమొహం పెట్టుకునేదాన్ని."

"అయితే కొయ్యమంటావా?"

"నేను అనలేదు."

"ఉంచమంటావా?"

"అదీ అనలేదు."

రలిత్సా కత్తెర ఆమె ఒళ్లో పెట్టింది. "నువ్వే చూడు పెద్దమ్మా. నేను అడగను. నాన్నా అడగడు. నువ్వేం చేస్తే అదే."

"నా చెయ్యి సంగతి తెలిసి కూడా?"

"తెలుసు కాబట్టే. ఆ ముక్కుల్ని ఒక్కటి కూడా విరక్కుండా బయటికి తీసింది ఏ చెయ్యో నేను చూశాను."

వదిన లేచింది. ఏప్రాన్ జేబులో కత్తెర వేసుకుని లోపలికెళ్లి పాలు కాచింది. బనిత్సా అనే పొరల రొట్టె కోసి మా ఇద్దరికీ పెట్టింది. జున్ను పొరల మధ్య ఉప్పు సరిగ్గా ఉంది. ఈసారి తనూ కూర్చుని తింది. ఎవరూ మొగ్గ మాటెత్తలేదు. నైడెన్ గోడ మీంచి ఏదో అడగబోయి, మా మొహాలు చూసి, "ఏం లేదు, ఏం లేదు" అంటూ వెనక్కి తగ్గాడు.

పొద్దు గూకుతుండగా ఆమె బయటికి వెళ్లింది. కిటికీలోంచి నాకు గేటు పక్క మడి దగ్గర వంగిన వీపు కనపడింది. రలిత్సా ఐరిస్ రకాల పుస్తకం ముందు పెట్టుకుని ఒకే పేజీ చూస్తోంది. నేనూ ఆ వైపు చూడటం మానేశాను.

వదిన తిరిగొచ్చి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. జేబులో కత్తెర బరువుకి ఏప్రాన్ ఒక పక్కకి వేలాడుతోంది. దాని పక్కన ఇంకేదైనా ఉందో లేదో ఆ మసక వెలుతురులో తెలియలేదు. నేను అడగలేదు. రలిత్సా పేజీ తిప్పింది.

"రేపు పెందలాడే లేపు పిల్లా," అంది వదిన. "ఐరిస్‌లలో వాడినవన్నీ తీసెయ్యాలి. అట్టా వదిలేస్తే చూసేవాళ్లేమనుకుంటారు?"

"లేపుతా పెద్దమ్మా."

ఆమె తన గదిలోకి వెళ్లింది. కాసేపటికి నేల మీద ఏదో బరువైనది ఈడ్చిన చప్పుడు వినిపించింది. తర్వాత అల్మారాలో హ్యాంగర్లు ఒకదానికొకటి తగిలాయి. రలిత్సా పుస్తకం మీంచి తలెత్తి నా వైపు చూసింది.

మార్చి నుంచీ జానెడు తెరిచే ఉన్న ఆ తలుపుని వదిన లోపల్నుంచి, మెల్లగా, పూర్తిగా మూసుకుంది.